వార్షిక నివేదిక 2024–25: ఈ ఏడాది నడక కాదు, లేవడం నేర్చుకున్నాం

సభ్యులందరికీ నమస్కారం.

విజయవాడలోని మన కాలనీ పెద్దల సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

ఇన్నాళ్ళూ మన కార్యక్రమమంటే పొద్దున్నే పార్కు చుట్టూ నడక, ఆ తర్వాత కాఫీ. నడక వల్ల గుండెకూ ఊపిరికీ మేలే. కానీ రోజూ నాలుగు చుట్లు తిరిగేవాళ్ళు కూడా సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనిస్తున్నారు. తొడల్లో బలం రావడానికి, తూలకుండా నిలబడడానికి నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. దానికి తోడు కనీసం 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు నిలకడకు కసరత్తు ఉండాలి. మొదటిది చేసి మిగతా రెండూ వదిలేశామని కార్యవర్గానికి తోచింది. అందుకే ఈ ఏడాది ధ్యాసంతా వాటి మీదే పెట్టాం.

ఫోన్ల సంగతి. గేటు దగ్గర గుడ్డసంచి పెట్టాం, లోపలికి వచ్చేవాళ్ళ ఫోన్లు అందులోకి వెళ్తాయి. అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాలకూ ఇదే నియమం. అవి పెట్టుకుంటే పక్కవాళ్ళ అంకె చూసి పోటీ మొదలవుతోంది, మోకాళ్ళు వాస్తున్నాయి. 108కి చెయ్యడానికి మామూలు బటన్ల ఫోను ఒకటి వాచ్‌మన్ గదిలో ఉంటుంది. లెక్కకు చింతపిక్కలు వాడుతున్నాం. కుడి జేబులో పది పిక్కలు వేసుకుని చుట్టుకొకటి ఎడమ జేబులోకి మార్చడమే. చీర కట్టుకున్నవాళ్ళు చిన్న సంచులు రెండు కుట్టుకున్నారు. వేగానికి కొలత మాటే: పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట కూడా తెగిపోతుంటే వేగం ఎక్కువైందన్నమాట.

కుర్చీ కసరత్తు. సీటు ఎత్తు 17 అంగుళాలుండే, జారని నాలుగు కాళ్ళ కుర్చీ కావాలి. మొదట ప్లాస్టిక్ కుర్చీలతో చేయించి పొరపాటు చేశాం. టైల్స్ మీద అవి వెనక్కి జారతాయి, బరువు ఒక పక్కకు పడితే కాళ్ళు విచ్చుకుంటాయి. ఇప్పుడు చెక్క కుర్చీలు గోడకు ఆనించి వాడుతున్నాం. సీటు ముందు సగంలో కూర్చోవాలి. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి ఉండాలి. ముక్కు కాలివేళ్ళను దాటేదాకా ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, దభీమని కూలబడతారు. నిజానికి దిగేటప్పుడే తొడలకు ఎక్కువ పని. రెండో తప్పు ఊపిరి బిగబట్టడం. రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది గనక బీపీ ఉన్నవాళ్ళు ఇది ముఖ్యంగా మానుకోవాలి. మోకాళ్ళు లోపలికి వాలిపోతుంటే మధ్యలో చిన్న దిండు పెట్టుకుని, అది పడకుండా చూసుకోవాలి.

5 సార్లు చొప్పున 2 విడతలతో మొదలుపెట్టి 10 సార్ల దాకా పెంచాం. రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. చేతులు ఆనించకుండా అసలు లేవలేనివాళ్ళకు సీటు మీద దుప్పటి గట్టిగా మడిచి 3, 4 అంగుళాల ఎత్తు చేశాం. రెండు వారాలకొక మడత తీసేస్తాం. మెత్తటి దిండు దీనికి పనికిరాదు, కూర్చోగానే అణిగిపోతుంది.

పరీక్ష ఒకటి పెట్టుకున్నాం. చేతులు రొమ్ము మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టాలి. 70–74 ఏళ్ళ మగవాళ్ళు 12 కంటే, ఆడవాళ్ళు 10 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. 80–84 ఏళ్ళవాళ్ళకు ఆ అంకెలు 10, 9. గోడగడియారం సెకన్ల ముల్లు చాలు. ఎవరి అంకె వాళ్ళు ఇంటి గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకోవాలి. పార్కు బోర్డు మీద రాయవద్దని తీర్మానించాం.

నిలకడ కసరత్తును వంటగట్టు ముందు చేసుకోవచ్చు. రెండు పాదాలూ కలిపి నిలబడడం మొదటి మెట్టు. ఒక పాదం మడమ పక్కన రెండో పాదం బొటనవేలు ఆనించి ఉంచడం రెండోది. ఒక పాదం వెనక మరొకటి, మడమకు వేలు తగిలేలా తాడు మీద నడిచినట్టు నిలబడడం మూడోది. ఒంటికాలు నాలుగోది. ఒక్కొక్కటి 10 సెకన్లు. మూడోది 10 సెకన్లు ఆగలేకపోతే ఇంట్లో జాగ్రత్తలు పెంచాలి, డాక్టరుకూ చెప్పాలి. గట్టుకు వేళ్ళు ఆనీ ఆననట్టుండాలి గానీ పట్టుకుని వేలాడకూడదు. చూపు ఎదురుగా గోడ మీద ఒక చుక్క మీద నిలపాలి. కాళ్ళకేసి చూసినవాళ్ళే ముందు తూలుతున్నారు. సాక్సులతో చెయ్యకూడదు, అరిగిన హవాయి చెప్పులతో అసలే వద్దు. పంచె, లుంగీ, చీర కుచ్చెళ్ళు నేలకు రెండంగుళాలు పైకి ఉండాలి.

నేల మీంచి లేవడం చాలామందికి కష్టమైంది. డైనింగు టేబులు, వెస్ట్రన్ కమోడు వచ్చాక నేల మీద కూర్చునే సందర్భమే పోయింది మరి. పద్ధతి ఇది: పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద ఆని, చేతులూ మోకాళ్ళ మీదకు రావాలి. కుర్చీ దాకా పాకి, రెండు చేతులూ సీటు మీద పెట్టి, బలమున్న కాలు ముందుకు పెట్టి లేవాలి. వెంటనే నడవకుండా అదే కుర్చీలో ఒక నిమిషం కూర్చోవాలి. పడిపోయినవాళ్ళకు ఉపయోగపడేదీ ఇదే. అయితే తుంటి దగ్గర, తల దగ్గర నొప్పి ఉంటే లేవకుండా పిలవాలి. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు తమ సర్జన్‌ని అడగకుండా మోకాళ్ళ మీద బరువు వెయ్యవద్దు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఒక మాట. జేబులో పల్లీచెక్క పెట్టుకుని వస్తున్నారు. కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, షుగరు 70 కంటే కిందికి పడిపోయినప్పుడు అది పనికిరాదు. పల్లీల్లోని నూనె వల్ల తీపి రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. మూడు చెంచాల పంచదార పొట్లం కట్టుకోండి. నోట్లో వేసుకుని 15 నిమిషాలు కూర్చోండి, తగ్గకపోతే మళ్ళీ అంతే. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, మామూలుగా రాని ఆయాసం కనబడితే కసరత్తు ఆపాలి. "గ్యాసేలే" అనుకోవడం వద్దు.

బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో నడక ఐదింటికే మొదలుపెట్టి ఆరున్నరకల్లా ముగించాం. సాయంత్రం నడక రద్దు చేశాం, సిమెంటు దారి సూర్యాస్తమయం తర్వాత కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పటి నుంచి నెలాఖరు దాకా పార్కులో ఏమీ జరగలేదు. కుర్చీ కసరత్తుకు పార్కు అక్కర్లేకపోయినా చాలామంది దాన్నీ మానేశారు. ఇళ్ళకు వెళ్ళి గుర్తు చెయ్యకపోవడం కార్యవర్గం లోపమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు కూడా పది రోజులు మంచం మీదే ఉంటే కాళ్ళ కండ కిలో దాకా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే విరామం తర్వాత పాత అంకె దగ్గర కాకుండా సగం దగ్గర మొదలుపెట్టించాం.

కుండీల్లో తోటకూర, మెంతికూర బాగా వచ్చాయి. తోటకూర నెలలోపే కోతకొచ్చింది. 10 లీటర్ల నీళ్ళడబ్బా నిండుగా ఒక చేత్తో మోస్తే బరువంతా నడుముకు ఒక పక్కే పడుతోందని, చేతికొకటి చొప్పున 4 లీటర్ల డబ్బాలు కొన్నాం.

మధ్యాహ్నం ఆటల్లో వామనగుంటలు, పులి–మేక నడిచాయి. పులి–మేకలో పులులు మూడు, మేకలు పదిహేను. మేకల వైపు ఆడేవాళ్ళు ఆలోచిస్తూ ఒక్కో ఎత్తుకు పావుగంట తీసుకుంటారు, కూర్చున్నవాళ్ళు గంటలు గంటలు కదలరు. కసరత్తుతో తెచ్చుకున్నది ఆటలో పోగొట్టుకోవడమే ఇది. అందుకని పలకను నడుమెత్తు బల్ల మీదకు మార్చాం. ఒక ఆట కూర్చుని, ఒక ఆట నిలబడి. మోకాళ్ళు సహకరించనివాళ్ళకు మినహాయింపు ఉంది గానీ, అరగంటకోసారి లేచి బల్ల చుట్టూ తిరిగి రావాలి.

కోలాటం సరిగా సాగలేదు. సిమెంటు నేల మీద తిరిగేసరికి మడమలు నొప్పెట్టాయి, వెనక్కి అడుగు వేసే చోట ఇద్దరు ముగ్గురు తూలారు. వచ్చే ఏడాది మట్టి నేల మీద, వెనకడుగులు లేకుండా, సగం వేగంతో పెట్టాలని ఆలోచన.

పార్కు మెట్లకు రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, చేతులున్న బెంచీలు కావాలని అర్జీ రాశాం. పని ఇంకా మొదలు కాలేదు.

వానాకాలం తేమకు సంఘం డబ్బాలోని చింతపిక్కలకు బూజు పట్టింది. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు తలా గుప్పెడు ఎండబెట్టి తీసుకురండి. వేయించినవి వద్దు, వామనగుంటల ఆటలో గుంటల్లో పడేటప్పటికి పెచ్చులూడుతున్నాయి.

ఇట్లు
కార్యవర్గం