గుమ్మడి వడియాలు ఎందుకు లేవంటే

మా దగ్గర పొడులు, వడియాలు, జంతికలు తీసుకునే అందరికీ నమస్కారం.

రెండు నెలలుగా మీరు అడుగుతున్నవి రెండే. గుమ్మడి వడియాలు ఎప్పుడొస్తాయని ఒకటి. కంది పొడి మళ్లీ రేటు పెంచుతున్నారట నిజమేనా అని రెండోది. మొదటిదానికి "వానలు కదండీ, ఎండ లేదు" అని చెప్పుకుంటూ వచ్చాను. అది సగం నిజం. మిగతా సగం ఇవాళ చెప్తాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

వడియాలు పెట్టే ఆవిడ మానేసింది. మా వీధి చివరే ఉంటుంది, నన్ను వదినా అని పిలుస్తుంది. బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా రాయి కింద పెట్టడం, తెల్లారుజామున మినప్పప్పు గట్టిగా రుబ్బి కలపడం, ఎండ పడకముందే మేడ మీద పాత చీర పరిచి పెట్టేయడం, నాలుగేళ్లుగా అంతా ఆవిడ చెయ్యే. విశాఖలో సీతమ్మధార నుంచి మధురవాడ దాకా మీరు మెచ్చుకున్నది ఆ చేతినే. పేరు మాత్రం నాకొచ్చింది.

మానేసిన రోజు నాకు ఒళ్లు మండింది. మిగిలిన ఆడవాళ్ల ముందే అనేశాను: "పింఛన్లు, పథకాలు, ఫ్రీ బస్సు. ఇంట్లో కూర్చుంటే డబ్బులొస్తుంటే ఇంక పనెవరు చేస్తారు?" మా మేనకోడలు ఆంధ్రా యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏ చదువుతోంది. ఆ టైముకి అక్కడే కూర్చుని లేబుళ్లు అంటిస్తోంది. తలెత్తకుండానే అడిగింది: "అత్తా, పొడులు కొట్టే నీ పల్వరైజర్ మిషన్ ఏ డబ్బుతో కొన్నావు?"

నోరు మూతపడింది.

మీలో పాతవాళ్లకి తెలుసు, కొత్తవాళ్లకి చెప్పాలి. 2020లో కరోనాకి స్కూళ్లు మూసేశారు. మా ఆయన స్కూలు వ్యాను నడిపేవారు, జీతం ఆగిపోయింది. ఆ ఆగస్టులో చేయూత పథకం కింద నా ఖాతాలో 18,750 రూపాయలు పడ్డాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాల్లో 45 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి అంత చొప్పున నాలుగు విడతల్లో 75,000 ఇచ్చారు కదా, అదే. అందులో 12 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ పల్వరైజర్ కొన్నాను. మిగిలిన ఆరు వేల చిల్లరతో పూర్ణా మార్కెట్లో కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర తెచ్చి మొదటి పొడి కొట్టాను. మీరు తింటున్న పొడి పుట్టింది అలా. ఇంట్లో కూర్చుంటే వచ్చిన డబ్బే అది, ఇంకొకటి కాదు. ఐదేళ్లలో ఎంత సుఖంగా మర్చిపోయానో!

సరే, ఆవిడ సంగతికొస్తాను. ఆవిడకి సొంతంగా వచ్చే పింఛను ఏదీ లేదు. భర్త గూడ్సు షెడ్డులో హమాలీ, పనున్న రోజే కూలి. పింఛను వాళ్ల అత్తగారిది. 2024 జులైలో వృద్ధాప్య పింఛను 4,000 అయింది. అంతకుముందు మూడు నెలలకి వెయ్యి చొప్పున కలిపి ఆ ఒకటో తారీకున ముసలమ్మ చేతిలో ఏడు వేలు పెట్టారు. అత్తాకోడళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. నెలకి వెయ్యి ముసలమ్మ మందులకీ, చుట్టలకీ. వెయ్యి ఇంట్లోకి. రెండు వేలతో ఇరవై మంది కలిసి వేసుకున్న చీటీ.

చుట్టల దగ్గర ఒక్కమాట. ముసలమ్మ మన వైపు పెద్దవాళ్లలాగే అడ్డపొగ పీలుస్తుంది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, ఎవరేమన్నా మానదు. పింఛను పెరిగిందని చుట్టలేమీ పెరగలేదు, అవే రెండు. పేదవాళ్లకి డబ్బిస్తే తాగుడుకీ పొగకీ తగలేస్తారని నేనూ అనేదాన్ని. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 19 అధ్యయనాలు ముందేసుకుని చూస్తే అలా ఖర్చు పెరిగినట్టు తేలలేదట, మేనకోడలు చెప్పింది. మగవాళ్ల చేతికిస్తే ఏమయ్యేదో అని నాకింకా అనుమానమే. అది నా అనుమానం, లెక్క కాదు.

పదకొండో నెలలో చీటీ పాడుకుంది. నలభై వేల చీటీలో చేతికి 34 వేలు వచ్చాయి. పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ కొంది. అదే నెల, 2025 జూన్‌లో, తల్లికి వందనం కింద ఇద్దరు పిల్లలకి 13 వేల చొప్పున ఖాతాలో పడ్డాయి. పుస్తకాలు, బూట్లు పోగా మిగిలినదాంతో పాత ఫ్రిజ్ తెచ్చింది. "పిల్లల చదువుకిచ్చిన డబ్బు ఫ్రిజ్జుకి పెట్టావేటే?" అని అడిగాను. "ఫ్రిజ్జుంటే పిండి పులిసిపోదు వదినా, పిండి అమ్ముడైతే పెద్దోడి ట్యూషన్ ఫీజొస్తాది" అంది. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం ఇడ్లీ పిండి, దోసెల పిండి అమ్ముతోంది. ఇంకా ఐదు నెలల చీటీ కట్టాలి. "మా అత్తని ఇప్పుడు మహారాణిలా చూసుకుంటన్నాను" అని నవ్వుతుంది. నవ్వులాటకే అన్నా, ముసలమ్మకి ఏమైనా అయితే పింఛను ఆగిపోతుంది, చీటీ ఆగదు. ఆ భయం ఆవిడకి ఉంది.

అసలు నన్ను పొడిచిన మాట వేరే. ఇక్కడ గ్రైండరూ నడుపుకో, నాకు వడియాలూ పెట్టు అని బతిమాలడానికి వెళ్లాను. రేటు కూడా పెంచుతానన్నాను. ఆవిడ కోపం లేకుండానే చెప్పింది. "నువ్విచ్చేది తక్కువని కాదు వదినా. ఎప్పుడిస్తావో తెల్దు. అత్త పింఛను ఒకటో తారీకంటే ఒకటో తారీకే. దాన్ని నమ్ముకుని చీటీ ఏసినాను. నీ డబ్బుని నమ్ముకుని ఏసుంటే రెండో నెలలోనే ఎగ్గొట్టేదాన్ని."

నిజమే. ఒకటో తారీకు ఆదివారం పడితే సచివాలయం వాళ్లు ముందురోజు పొద్దున్నే ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకుని చేతిలో పెడుతున్నారు. నా దగ్గర ఆదివారం పడితే సోమవారం అవుతుంది, సోమవారం కాస్తా శుక్రవారం అవుతుంది. మా దగ్గర లెక్క కేజీకి ఇంత అని. షాపులవాళ్లు నాకిస్తే నేను ఆడవాళ్లకిస్తాను. షాపులవాళ్లు నలభై రోజులు ఆపితే నేనూ నలభై రోజులు ఆపుతాను. పోయిన వానాకాలంలో ఐదుగురికి అలా ఆపాను. నాకు షాపులవాళ్ల మీద కోపం, నా మీద ఎవరికీ కోపం లేదనుకున్నాను. జంతికలు చుట్టే జాలరిపేట అమ్మాయి ఆ నలభై రోజుల్లో రోజువారీ ఫైనాన్స్ తీసుకుందని తర్వాత తెలిసింది. రాసేది పదివేలు, చేతికిచ్చేది తొమ్మిదివేలు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఆ వెయ్యి రూపాయలు ఎవరి వల్ల పోయాయి? సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అని జాలరిపేటవాళ్లకి తెలుసు, ఆ 61 రోజులకి ముందే సర్దుకుంటారు. నేనెప్పుడు ఆపుతానో వాళ్లకి తెలియదు కదా.

ఇదంతా విని మేనకోడలు కెన్యా కథ చెప్పింది. నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఇంకొందరు కలిసి చేసిన పరీక్ష. 195 ఊళ్లలో పెద్దవాళ్లందరికీ డబ్బిచ్చారు, ఇంకో వంద ఊళ్లు పోల్చి చూడటానికి. కొన్ని ఊళ్లకి నెలకి 22.50 డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 1,500 రూపాయలు, పన్నెండేళ్లు ఇస్తామన్నారు. కొన్నిటికి అంతే, కానీ రెండేళ్లే. కొన్నిటికి దాదాపు ఆ రెండేళ్ల సొమ్ము గంపగుత్తగా ఒకేసారి. రెండేళ్లయ్యాక చూస్తే జనం పని మానేయలేదు. కూలి తగ్గించుకుని సొంత పని పెట్టుకున్నారు. కొత్త కొట్లు, వ్యాపారాలు ఎక్కువగా గంపగుత్తగా తీసుకున్నవాళ్లూ, పన్నెండేళ్ల భరోసా ఉన్నవాళ్లూ పెట్టారు. రెండేళ్లవాళ్లు అంతగా పెట్టలేదు, చేతికొచ్చే నెల డబ్బు ఇద్దరికీ ఒకటే అయినా. పన్నెండేళ్లవాళ్లు ఏం చేశారో తెలుసా? చీటీలు వేసుకున్నారు! అక్కడ దాని పేరేదో వేరే ఉంది, పని మాత్రం మన చీటీదే. వచ్చే నెలా, ఆ పై నెలా వస్తుందని నమ్మకం ఉన్నవాడే చీటీలో చేరతాడు, చేర్చుకునేవాళ్లూ వాడినే చేర్చుకుంటారు.

మన దేశంలోనూ 2011, 2012ల్లో మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' (SEWA) అనే ఆడకార్మికుల సంఘం ఇలాగే చేసి చూసిందట. పెద్దవాళ్లకి నెలకి 200, పిల్లలకి 100తో మొదలుపెట్టి తర్వాత 300, 150 చేశారు. అక్కడా మేకలూ గేదెలూ పెరిగాయి, పరాయివాళ్ల పొలానికి పోయేవాళ్లు సొంత పని ఎక్కువ చేసుకున్నారు. ఆ పరాయి పొలం ఆసామి కూడా నాలాగే "జనం బద్ధకస్తులైపోయారు" అనే ఉంటాడు. నాకు మనిషి దొరకట్లేదన్నది నిజం. ఆవిడ ఖాళీగా కూర్చోలేదన్నది కూడా నిజం. తెల్లారి నాలుగింటికి లేచి పప్పు రుబ్బుతోంది, నాకు కాదు, అంతే.

నా చేయూత సంగతి కూడా అప్పుడే ఆలోచించాను. 2020 ఆగస్టు, 2021 జూన్, 2022 సెప్టెంబరు, 2024 మార్చి, ఇలా ఒక్కో విడత ఒక్కో నెలలో పడింది. పెద్ద మొత్తం కాబట్టి మిషన్ కొనడానికి బాగా పనికొచ్చింది. నెల సరుకు లెక్క దానిమీద వేసుకోలేం. ముసలమ్మ పింఛను చిన్నది, కానీ తేదీ ఉంది. రెండూ రెండు రకాల అవసరం. వేణ్ణీళ్లకి చన్నీళ్లు అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ చన్నీళ్లు ఏ పూట వస్తాయో తెలిస్తేనే పొయ్యి మీద ఎన్ని నీళ్లు పెట్టాలో తెలిసేది.

ఇక రేటు సంగతి. అవును, పెంచుతున్నాను. పావుకిలో కంది పొడి 140 నుంచి 145. కరివేపాకు పొడి, నువ్వుల పొడి కూడా ప్యాకెట్టుకి ఐదు రూపాయలే. పప్పు రేటు పెరిగిందని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ ఈసారి కారణం అది కాదు.

వచ్చే నెల నుంచి మా దగ్గర పనిచేసే ఐదుగురికీ ప్రతి నెలా 15వ తారీకున తలా మూడు వేలు ఇస్తాను. సరుకు అమ్ముడైనా కాకపోయినా, షాపులవాళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా. పని ఎక్కువ చేసినవాళ్లకి మిగతాది నెలాఖరున లెక్క చూసి ఇస్తాను. వానాకాలంలో మూడు వేల పని జరగకపోతే తేడా నాదే, తర్వాత పట్టుకోను. 15 ఎందుకంటే ఒకటికి చాలా ఇళ్లలో ఏదో ఒక పింఛను వస్తుంది, నెల మధ్యలోనే చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఈ తేదీ నేను పెట్టింది కాదు, వాళ్లే అడిగారు.

లెక్క చెప్తాను. జులై నుంచి అక్టోబరు దాకా ఒక్కొక్కరికి నెలకి 1,500 దాకా పని తగ్గుతుంది. ఐదుగురికి నాలుగు నెలలకి 30 వేలు. నెలకి ఆరువందల ప్యాకెట్లు, అటూ ఇటూగా, అమ్ముతాం. ప్యాకెట్టుకి ఐదు రూపాయలంటే ఏడాదికి 36 వేలు. మిగిలే ఆరు వేలు షాపులవాళ్లు ఆలస్యం చేసినప్పుడు అడ్డం పెట్టుకోవడానికి. ఇందులో నాకు లాభం లేదు, త్యాగమూ లేదు. మనుషులు మానేస్తే నా కొట్టే మూతపడుతుంది.

మీ నుంచి ఒకటి కావాలి. అపార్ట్‌మెంట్లలో నలుగురైదుగురు "నెలాఖరుకి ఫోన్‌పే చేస్తాలెండి" అని నెల దాటిస్తున్నారు. ఎవరో మీకే తెలుసు, పేర్లు రాయను. ఇకనుంచి ఆర్డరుతోపాటే పంపండి. మొహమాటానికి ఇన్నాళ్లూ అడగలేదు, ఆ మొహమాటం ఖర్చు వేరేవాళ్లు మోశారు.

ఏ నెలైనా 15న ఇవ్వలేకపోతే ఆ సంగతి మీకే రాస్తాను. దాచను.

దోసెల పిండి కావలసినవాళ్లు కంచరపాలెం వైపు వస్తే చెప్పండి, ఆవిడ ఇల్లు చూపిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు ఆ పిండే. అప్పు పెట్టదు, ముందే చెప్తున్నాను, నాకే పెట్టలేదు. వడియాల పని మా చెల్లెలు నేర్చుకుంటోంది. మొదటి వాయి ముక్కలైపోయింది, రెండో వాయి నూనెలో వేస్తే పొంగలేదు. సంక్రాంతికి కావాలని ఇప్పటినుంచే ఆర్డర్లు పెట్టకండి. ఎండ చూసుకుని, ముందు మేం తిని చూసి, అప్పుడు నేనే చెప్తాను.