నడుము లోతు నీళ్లలోకి దిగకు నాన్నా

నాన్నా కిట్టూ,

నీ గొంతు విని మూడు ఆదివారాలయింది. పని ఒత్తిడి అయ్యుంటుందని మీ నాన్న అన్నారు, నేనూ సరేననుకున్నాను. ఫోన్‌లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న బీపీ అదుపులోనే ఉంది. అత్తయ్య కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది.

మొన్న స్వాతి మాటల మధ్యలో అంది, నువ్వు ఆఫీసు అయ్యాక ఒక్కడివే మీ ఫ్లోరిడాలోని ఒకీచోబీ లేక్‌కి వెళ్లి, చీకటి పడేదాకా నడుము లోతు నీళ్లలో నిలబడి బాస్ చేపలకి గాలం వేస్తున్నావని. దాన్నేమీ అనకు, గుచ్చి గుచ్చి అడిగింది నేనే.

గాలం వద్దని నేనెప్పుడూ అనలేదు. అక్కడున్న ఆర్నెల్లూ నీ పక్కనే కూర్చున్నదాన్ని. అవతలి ఒడ్డు కనిపించనంత లేక్, సగటున తొమ్మిది అడుగుల లోతేనంటే నమ్మలేకపోయాను. ఆస్ప్రే గద్ద కాళ్లు ముందుకు చాపి దబ్బున నీళ్లలో పడి, చేపతో లేవడం నువ్వు చూపిస్తేనే చూశాను. ఆడ బాస్ గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగది గూడు వదలకుండా కాపలా కాస్తుందని నువ్వు చెప్పావే, మీ నాన్న ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. చేపని తడిచేత్తో పట్టుకుని, పొట్ట కింద రెండో చెయ్యి ఆనించి, మళ్లీ నీళ్లలో వదిలేస్తావు చూడు, నాకు అన్నిటికంటే అది నచ్చేది.

ఆ కొంగ రోజు గుర్తుందా? ఎవరో తెంపి పారేసిన దారం కాళ్లకి చుట్టుకుని, రెక్కలో కొక్కెం దిగి, అంత పెద్ద నీలి కొంగ గట్టు దగ్గర కొట్టుకుంటోంది. దారం కోసెయ్యరా అన్నాను నేను. "కోస్తే ఆ దారంతోనే ఎగిరి ఏ చెట్టుకో చిక్కుకుని చస్తుందమ్మా" అని మెల్లగా దగ్గరికి లాగి, నా నీలం తువ్వాలు దాని తల మీద కప్పావు. అంతసేపూ తన్నుకున్నది ఒక్కసారిగా నెమ్మదించింది. ముక్కు నా చేత పట్టించి, "మొహం దూరంగా పెట్టమ్మా, కళ్లు పొడుస్తుంది" అన్నావు. నువ్వు కొక్కెం మొన అవతలికి నెట్టి, ముల్లు కత్తిరించి, వెనక్కి లాగుతున్నావు. నాకెందుకో తల ఎత్తాలనిపించింది. జమ్ము అంచున నీళ్ల మీద రెండు బుడిపెలు, కాస్త ముందు ఇంకొకటి. కర్ర ముక్క అనుకున్నాను. కర్ర గాలికి ఎదురు రాదు కదా. కళ్లకీ ముక్కు కొనకీ మధ్య ఎన్ని అంగుళాలుంటే ఆలిగేటర్ మొసలి సుమారు అన్ని అడుగుల పొడవని నువ్వే నేర్పావు. అక్కడ నాకు జానెడు కనిపించింది. నీ చొక్కా పట్టుకుని గట్టు మీదికి లాగేశాను. కొంగ ఎగిరిపోయింది, తువ్వాలు బురదలో పడింది. ఆ మొసలి చప్పుడు లేకుండా మునిగింది, మళ్లీ ఎక్కడ తేలిందో మనకి కనిపించనే లేదు.

ఆ రోజు నువ్వు కొక్కెం వైపు చూస్తుంటే నేను నీళ్ల వైపు చూశాను కిట్టూ. ఇప్పుడు నీళ్ల వైపు చూసేదెవరు?

పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా ఆ మొసళ్లు ఎక్కువగా తిరుగుతాయని నువ్వే చెప్పావు. మరి ఆ వేళకే దిగడం ఏమిటి? ఇంటికి తెచ్చుకునేది ఎప్పుడో ఒకటి, పట్టినవన్నీ వదిలేసేవాడివే. 1932లో జార్జియాలో దొరికిన ఆ ఇరవై రెండు పౌన్ల రికార్డు బాస్ చేప లాంటిది నీకూ దొరకాలని నాకూ ఉంది, కానీ అది గట్టు మీద నుంచి దొరికితే చాలు. పట్టిన చేపల్ని తాడుకి గుచ్చి నడుముకి కట్టుకోకు, వాటి తపతపలకి ఏవేవో వస్తాయి. జమ్ములో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టు, దూదిలా తెల్లటి నోరు తెరిచే ఆ పాము అక్కడే ఉంటుంది. ఉరుము వినిపిస్తే గాలం చుట్టేసి కారెక్కు, ఇంకొక్కసారి విసురుతానని నిలబడకు. పడవెక్కితే లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

ఇన్ని చెప్పకూడదనుకునే మొదలుపెట్టాను. స్వాతి వాళ్లాయన శనివారాలు తోడొస్తానంటున్నాడట, మొహమాటపడకుండా పిలువు. అతనికి గాలం వెయ్యడం రాకపోయినా పర్వాలేదు, పక్కన ఉంటే చాలు.

ఆ తువ్వాలు నాతోనే తెచ్చేసుకున్నాను. ఎన్నిసార్లు ఉతికినా బురద మరక పోలేదు. నువ్వు ఇంకొకటి కొనుక్కుని గాలం సంచిలో పెట్టుకో. ఆదివారం ఫోన్ చెయ్యి, మాకు అర్ధరాత్రయినా సరే. మీ నాన్న కూడా మేలుకునే ఉంటారు.

అమ్మ