ఇన్‌స్పెక్టరు గారి బ్యాటరీల కేసు

ఒరేయ్ గుండూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, చెల్లి ఉద్యోగం మారింది, నా మోకాలు ఎప్పటిలాగే మూలుగుతోంది. ఆ ముచ్చట్లు తర్వాత. ముందు మన ఇన్‌స్పెక్టరు గారి, అదే మా నాన్న కథ విను, కడుపులో ఆగడం లేదు.

మీ అమ్మగారి చెవిమిషన్‌కి బ్యాటరీలు నిలవడం లేదని రాశావుగా. ఇక్కడా అదే గొడవ. నాన్న మిషన్‌కి పట్టేవి గోధుమరంగు స్టిక్కరుండే 312 సైజు బిళ్ళలు. వాడకాన్ని బట్టి వారం అటూ ఇటూ వస్తాయి. ఈయనకి మాత్రం కార్డులో మొదటి బిళ్ళ బాగా నడిచేది, రెండోది కాస్త తక్కువ, ఆఖరుది పెట్టిన పూటకే కుయ్యిమని చచ్చేది. ఆయన తేల్చిందేమిటంటే, పైన మంచివి పెట్టి కింద పాతవి అంటగడుతున్నారట! నీలం సైకిలు కేసులో నిన్ను నిలదీసినప్పటి ముఖమే అనుకో.

నాకూ ఆ వరస వింతగానే తోచింది. కొత్త కార్డు తెచ్చిన రోజు పక్కనే కూర్చున్నా. చూస్తే ఏముంది, ఆరు బిళ్ళల స్టిక్కర్లూ ఒకే దఫాలో పీకేశాడు! వేళ్ళు వణుకుతాయి కదా, మాటిమాటికీ ఆ అవస్థ ఎందుకని. పీకిన స్టిక్కర్లని క్యాలెండర్‌లో వారానికొకటి చొప్పున ముందే అంటించేశాడు. బ్యాటరీలు కూడా ఆ తేదీలు చూసుకుని చావాలన్నమాట.

అవి జింక్-ఎయిర్ బ్యాటరీలురా. స్టిక్కరు కింద సన్నటి చిల్లులుంటాయి. అందులోంచి ఆక్సిజన్ వెళ్ళి లోపలి జింక్‌తో కలిస్తేనే కరెంటు పుడుతుంది. ఒకసారి పీకాక మిషన్‌లో పెట్టినా పెట్టకపోయినా అరుగుదల మొదలే, లోపలి రసాయనం ఆరిపోవడమో తేమ పీల్చుకోవడమో జరుగుతుంది. మళ్ళీ స్టిక్కరు అంటించినా లాభం లేదు. పీకిన బిళ్ళని మాత్రం వెంటనే మిషన్‌లో పెట్టకుండా ఐదు నిమిషాలు గాలికి ఉంచాలి. ఇప్పుడు నాన్న వాచీ పట్టుకుని మరీ లెక్కపెడుతున్నాడు.

అన్నట్టు అమ్మ సంగతి చెప్పలేదు కదూ. చల్లగా ఉంటే నిలుస్తాయని కొత్త కార్డుని ఫ్రిజ్‌లో దాచింది! బయటికి తీయగానే వాటి మీద చెమ్మ పడుతుంది, అది ఇంకా చేటు. మామూలు గదిలో, ఎండా తడీ తగలని చోట ఉంటే చాలు.

నవ్వుతూ రాస్తున్నా గానీ, ఒకటి చూసి మాత్రం గుండె జారిపోయింది. పీకిన బిళ్ళలన్నీ ఎక్కడ సర్దాడనుకున్నావ్? బీపీ మాత్రల డబ్బాలో. ఒక్కో అరలో మాత్ర, పక్కనే బ్యాటరీ. సైజూ దాదాపు అంతే. తెల్లారుజామున లైటు వేయకుండా వేసుకునే మనిషి. మింగితే గొంతు లోపల కాలిపోవచ్చురా, పరిగెత్తి ఆసుపత్రికి పోవాల్సిందే. ఏమీ అనలేకపోయా. ఆ డబ్బా నేనే ఖాళీ చేశా. మీ ఇంట్లో చంటిది పాకుతోంది కదా, వాడేసినవి కూడా ఎత్తులో పెట్టు.

రాత్రి పడుకునేటప్పుడు బ్యాటరీ తలుపు తీసి ఉంచమను. మిషన్ ఆగుతుంది, లోపలి తేమా ఆరుతుంది. మీ అమ్మగారు ఫోన్ కబుర్లు బ్లూటూత్‌లో నేరుగా మిషన్‌లోనే వింటారా? అయితే ఛార్జి అక్కడే పోతోంది. నాన్న కూడా వార్తలు అలాగే... సరే, అదో పెద్ద రామాయణం. ఇంకోటి, గులిమి అడ్డుపడితే శబ్దం సరిగా రాక వాల్యూమ్ పెంచేస్తారు, దాంతో

నాన్న కేకేస్తున్నాడు, బయటికెళ్ళాలి. మిగతాది మళ్ళీ రాస్తా. నువ్వు ముందు మీ అమ్మగారి బిళ్ళల సైజెంతో రాయి.

నీ
సాక్షి నంబర్ 2