విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా బడిలో చదవడంలో వెనకబడిన పిల్లల గురించి మీకు రెండు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

విశాఖ తీరంలోని మా పేట బడిలో మా మేనల్లుడు ఏడో తరగతి. 'సముద్రం' అన్న మాట చదవమంటే 'ద్ర' దగ్గర వేలు ఆగిపోతుంది, తల దించుకుంటాడు. హార్బర్‌లో చేపల బుట్టల లెక్క మాత్రం ఎప్పుడూ తప్పడు. ఇప్పుడు బడి మానేస్తానంటున్నాడు.

ముంబయి, వడోదరల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చదువులో వెనకబడిన పిల్లలను రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పించింది. చెప్పింది ఆ చుట్టుపక్కల అమ్మాయిలే. మార్కులు పెరిగాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించింది. ఇంటర్ పాసైన అమ్మాయిలు మా పేటలోనూ ఉన్నారు.

ఈ నెలాఖరులోగా మా బడి పిల్లల చదివే స్థాయి పరీక్షించి, అలాంటి తరగతులకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మేనమామ