520001ని భాగించేది ఎవరు?

సంపాదకులకు,

అయ్యా,

మన విజయవాడ పిన్‌కోడ్ 520001 ప్రధాన సంఖ్య కాదు. మా మనవరాలికి ట్యూషన్‌లో అవునని చెప్పారు కాబట్టి, లెక్కతో సహా రాస్తున్నాను.

తపాలా శాఖలో ఉత్తరాలు సార్టింగ్ చేస్తూ ముప్పై ఏళ్లు గడిపాను. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైంది. మొదటి మూడంకెలూ చూసి సంచీలో వేయడమే నా పని; ఆ ఆరంకెలనూ కలిపి ఒక సంఖ్యగా ఏనాడూ చూడలేదు. ఎనిమిదో తరగతి పిల్ల చూసింది. "2, 3, 5, 7, 11, 13 వేటితోనూ పోదు, అందుకని ప్రధాన సంఖ్యేనట తాతయ్యా" అంది.

13తో పోని మాట నిజమే. నలభై వేల పదమూళ్లు 520000, ఒకటి మిగులుతుంది. కానీ అక్కడ ఆగే హక్కు మనకెక్కడిది? 721 వర్గం 519841, 722 వర్గం 521284. ఈ సంఖ్యకు కారణాంకాలుంటే అందులో చిన్నది 721 లోపే దొరకాలి. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాల్సిందే.

పాత డైరీ తీసి ఇద్దరం కూర్చున్నాం. 29తో 2 మిగిలింది, 43తో 2, 139తో మళ్లీ 2. పిల్ల ఉసూరుమంది. నాలుగో సాయంత్రం 331 దగ్గర శేషం సున్నా! అది అరవై ఏడో ప్రధాన సంఖ్య. 331ని 1571తో గుణిస్తే మన ఊరు వచ్చింది. 1571 కూడా ప్రధాన సంఖ్యే కనుక ఇక విడదీయడానికి ఏమీ లేదు.

తొందరపాటు గొప్పవాళ్లకూ తప్పలేదు. 4294967297 ప్రధాన సంఖ్యేనని గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపాడు. ఆ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, ఆ తరువాత 641. అయిదో ప్రయత్నానికే చిక్కుతుంది! మనవరాలికి ఇది చెప్పినప్పుడు దాని కళ్లు చూడవలసింది.

మీ పిల్లల పేజీలో వారానికొక పెద్ద సంఖ్య వేయండి. జవాబు మాత్రం మరుసటి వారమే ఇవ్వండి. కాగితం మీద భాగహారం చేసే ఓపిక పిల్లలకు లేదంటే నేను ఒప్పుకోను.

మేమిప్పుడు గుంటూరు 522001 పట్టుకున్నాం. 29తో ఒక్కటి మిగిలి ఊరించింది. 103 దాకా వచ్చాం, ఇంకా దేనితోనూ పోలేదు.

- తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ