మందుకు లొంగని సెగగడ్డలు

సంపాదకులకు,

చర్మంపై లేచిన గడ్డ యాంటీబయాటిక్ మాత్రలకు తగ్గకపోతే ‘ఒంటికి మందు అలవాటు పడిపోయింది’ అనడం మనకు పరిపాటి. ఈ మాటను పత్రికలు సైతం యథాతథంగా వాడుతుండటం వల్ల జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా అన్నయ్య కొడుక్కి పద్నాలుగేళ్లు. మోకాలి కింద ఎర్రటి పొక్కు లేస్తే ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. నాలుగో రోజుకు అది నిమ్మకాయంత గడ్డయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత సలపరం మొదలైంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రలు మూడు రోజులు వేయడం మేం చేసిన తప్పు. చివరకు సర్జన్ గడ్డను కోసి చీము తీసి, అందులో కొంత కల్చర్ పరీక్షకు, అంటే చీములోని క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, పంపారు. నివేదికలో, క్రిమి మెథిసిలిన్ అనే పెన్సిలిన్ జాతి మందుకు లొంగుతుందో లేదో తేల్చడానికి వాడే సెఫాక్సిటిన్ పేరుకు ఎదురుగా ‘ఆర్’ అని ఉంది, అంటే లొంగదని. అది మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, డాక్టర్లు ఎంఆర్ఎస్ఏ అని పిలిచేది. ఆ పిల్లవాడు అంతకుముందు ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఉన్నవాడు కాదు. ఆ అమాక్సిసిలిన్‌కు ముందు యాంటీబయాటిక్ మింగిన సందర్భమూ మాకెవరికీ గుర్తు లేదు. మూడు వారాలకు వాడి చెల్లెలి చంకలో అలాంటి గడ్డే లేచింది. ఇద్దరూ ఒకే తువ్వాలు వాడేవారు.

అలవాటు పడేది ఒళ్లయితే, ఈ ఇద్దరి విషయంలో అది ఎలా సాధ్యం? లొంగకుండా మారేది సూక్ష్మజీవి. పెన్సిలిన్ జాతి మందులు దాని కణగోడను కట్టే ప్రోటీన్‌కు అతుక్కుని పని ఆపుతాయి; మెక్-ఏ అనే జన్యువు ఉన్న క్రిమి ఆ మందులు అతకని మరో ప్రోటీన్‌ను తయారుచేసుకుని గోడ కట్టుకుంటూ పోతుంది. ఇలాంటి క్రిమిని 1961లోనే బ్రిటన్‌లో గుర్తించారు. చాలాకాలం దాన్ని ఆసుపత్రుల బెడదగానే చూశారు. 1997-99 మధ్య అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటాల్లో ఆసుపత్రులతో సంబంధం లేని నలుగురు పిల్లలు దీనివల్ల చనిపోయాక ఆ భ్రమ తొలగింది. ఆ తరువాత క్రీడా జట్లలో, జైళ్లలో, సైనిక శిబిరాల్లో, అంటే ఒంటికి ఒళ్లు తగిలే, గీరుకుపోయిన చర్మం ఉండే, తువ్వాళ్లూ రేజర్లూ చేతులు మారే ప్రతిచోటా ఇది కనిపించింది.

ఒళ్లే అలవాటు పడిందని నమ్మినవాడు ఇంకా ‘పవరున్న’ మాత్ర అడుగుతాడే తప్ప తువ్వాలు వేరుచేయడు, కారుతున్న పుండుకు కట్టు కట్టుకోడు. పైగా చీము గూడుకట్టిన గడ్డలోకి మాత్రలోని మందు సరిగా చేరదు. చిన్న గడ్డలు చాలావరకు వైద్యులు కోసి చీము తీస్తే చాలు, మానుతాయి. ఆపైన మాత్ర కావాలో వద్దో, ఏ మాత్రో కల్చర్ నివేదిక చూసి వారే చెబుతారు. ఇంట్లో పిసికితే మాత్రం క్రిమి లోపలికి దిగుతుంది. జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా ఒక్క పూట కూడా ఆగకూడదు.

కాబట్టి మీ ఆరోగ్య శీర్షికలో ఇకపై ‘ఒంటికి మందు అలవాటు పడింది’ అన్న మాట వచ్చినచోటల్లా ‘క్రిమి మందుకు లొంగడం లేదు’ అని దిద్ది ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు