“టైం చూసే పని నాది” అన్న పేసర్ గారికీ, ఇంకొందరికీ

మొన్న ఆదివారం వైజాగ్ బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్ పూర్తి చేశాను. 2 గంటల 29 నిమిషాలు. నా పాత టైం తెలిసినవాళ్లు అప్పటినుంచీ “ఏమైంది, దెబ్బ తగిలిందా?” అని మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు. ఏ దెబ్బా తగల్లేదు. కాళ్లు బాగున్నాయి, మోకాళ్లు బాగున్నాయి. ఆ 21 కిలోమీటర్ల 97 మీటర్లలో నేను నా సొంతంగా లాగింది తక్కువ, నన్ను లాక్కొచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్లకి చెప్పుకోవలసింది నలుగురిలో చెప్పుకుందామని రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరివి నాకు తెలియవు, తెలిసినవాళ్లేమో రాయొద్దన్నారు.

సంగతేమిటంటే, వానాకాలం నుంచీ ప్రాక్టీసు సవ్యంగానే సాగింది. ఈసారి 2 గంటల 5 నిమిషాల్లోపు రావాలని గట్టిగా అనుకున్నాను. ఇంతలో అమ్మకి బైపాస్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఇంటికొచ్చేసింది, ఇప్పుడు కులాసాగానే ఉంది. కానీ నేను మాత్రం ఐసీయూ బయట కుర్చీలోంచి లేచి రాలేకపోయాను. రాత్రి అమ్మ దగ్గితే లేచి కూర్చోవడం, మాత్రల డబ్బా మళ్లీ మళ్లీ చూసుకోవడం, ఫోన్ మోగితే ఒళ్లు ఝల్లుమనడం. ఆ స్థితిలో వీపు వెనక ఎవరో ఉన్నారని, ముందున్నవాళ్లని దాటాలని పరిగెత్తే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? డబ్బు కట్టాను గనక బిబ్ (టీషర్టుకి తగిలించుకునే నంబరు కాగితం) తెచ్చుకున్నాను, అంతే. డీఎన్ఎస్ కొట్టేద్దామనుకున్నాను. స్టార్ట్ లైనుకి వెళ్లకుండా మానేయడాన్ని మా రన్నర్లు అలా అంటారు.

మొదటి దండం మా వదినకి. ముందురోజు సాయంత్రం అనకాపల్లి నుంచి బట్టల సంచీతో దిగి, “రేపు పొద్దున్న అత్తయ్య సంగతి నాది. నేను ఫోన్ చెయ్యను. చేశానంటేనే ఏదో అయినట్టు. మోగలేదంటే ఆవిడ నిద్రపోతున్నట్టు లెక్క” అంది. అమ్మ మంచం మీంచే అందుకుంది: “వెళ్లు. మానేసి, అమ్మకి బాగోలేక మానేశానని ఊరందరికీ చెప్పకు.” ఇంక మానడానికి దారేదీ?

రెండోవారు మా రన్నింగ్ గ్రూపులో ఫిజియో అన్నయ్య. నాకు ధైర్యం చెప్పలేదాయన, అందుకే ముందుగా థాంక్స్. “నువ్వు చెయ్యగలవు, కమాన్” అనే మెసేజ్‌లు అప్పటికే చాలా వచ్చాయి, వాటితో ఇంకా నీరసం వచ్చింది. ఈయన మాత్రం 2009లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పాడు. వేల్స్‌లోని బాంగర్ యూనివర్సిటీలో శామ్యూలె మార్కోరా బృందం చేసిందట. 16 మందిని తీసుకుని, ఒకరోజు గంటన్నరసేపు కంప్యూటర్ ముందు బుర్ర అలిసిపోయే పని చేయించి, ఆపైన ఇక నావల్ల కాదనేదాకా సైకిల్ తొక్కించారు. ఇంకోరోజు గంటన్నర డాక్యుమెంటరీలు చూపించి తొక్కించారు. డాక్యుమెంటరీ రోజు సగటున 12 నిమిషాల 34 సెకన్లు తొక్కినవాళ్లు, బుర్ర అలిసిన రోజు 10 నిమిషాల 40 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరి చెయ్యవలసిన పని చేస్తూనే ఉన్నాయి. తొక్కడం మొదటినుంచే ఎక్కువ కష్టంగా తోచింది, అదే తేడా. “గంటన్నరకే వాళ్ల సంగతి అది. నువ్వు వారాల తరబడి చేస్తున్నావు ఆ పని. నీ కాళ్లకేం కాలేదు, ఆదివారం మాత్రం ప్రతి కిలోమీటరూ బరువుగా అనిపిస్తుంది. అనిపించనీ. రేస్ మానెయ్, రన్ చెయ్” అన్నాడు. నాకు పిరికితనం వచ్చిందేమోనని లోపల కుములుతున్నదాన్ని. అదేం కాదని అంకెలతో సహా చెప్పేసరికి ఆ రాత్రి కాసేపైనా నిద్రపట్టింది.

పొద్దున్న ఐదున్నరకి స్టార్ట్. ఆ చీకట్లో డీజే, జుంబా. ఎవరు కనిపెట్టారో గానీ, పరుగుకి ముందే జనాన్ని గెంతించి అలగొట్టే ఈ ఆచారం నాకెప్పుడూ అర్థం కాదు. ఆర్కే బీచ్ మామూలుగా నాకు ప్రాణం లేచొచ్చే చోటు. రోజూ పొద్దున్నే నడిచేవాళ్ల కోసం బళ్లు ఆపేసే రోడ్డు, ఒక పక్క సముద్రం. ఆరోజు మాత్రం కురుసుర సబ్‌మెరైన్ని దాటుతుంటే అసూయ పుట్టింది. 31 ఏళ్లు నేవీలో తిరిగి, 2002 నుంచి మ్యూజియంగా హాయిగా ఒడ్డున కూర్చుంది. దాన్ని ఎవరూ పరిగెత్తమనరు.

మూడో కిలోమీటరు దాటేసరికి నా పక్కనుంచి అందరూ వెళ్లిపోతున్నారు, నాకు చీమ కుట్టినట్టయినా లేదు. అలా జారుతూ జారుతూ 2:30 జెండా కట్టుకున్న పేసర్ బస్సులో పడ్డాను. పేసర్ అంటే తెలియనివాళ్లకి: వీపుకి టైం రాసిన జెండా కట్టుకుని, చెప్పిన టైముకి చేరేలా ఒకే లెక్కన పరిగెత్తే మనిషి. 2:30 కావాలంటే కిలోమీటరుకి 7 నిమిషాల 6 సెకన్లు. ఆయన వెనక గుంపుగా వచ్చేవాళ్లందరూ కలిసి బస్సు.

శ్రీకాకుళం యాస ఆయనది. నా బిబ్ మీద, వేగంగా పరిగెత్తేవాళ్లకిచ్చే ముందు వరస అక్షరం చూశాడు. “మోకాలేటి? పొట్టేటి?” అన్నాడు. రెండూ కాదన్నాను. ఇంక కారణం అడగలేదు. ఐదు నిమిషాల్లో నేను వాచీ చాలాసార్లు చూడటం గమనించినట్టున్నాడు. “అమ్మా, ఆ వాచీ తీసి బెల్టులో పెట్టీండి. టైం చూసే పని నాది. మీరు ఊరికే వచ్చీండి.”

తీసి పెట్టేశాను. ఆ ఒక్క మాటకి ఎంత బరువు దిగిందో రాయలేను. కొన్ని వారాలుగా ఇంట్లో ప్రతిదాని టైమూ నేనే చూస్తున్నాను. మాత్రలు, బీపీ, డ్రెస్సింగు, డాక్టర్ అపాయింట్‌మెంటు. ఎవరో ఒకరు వచ్చి ఈ టైం సంగతి నాకొదిలెయ్ అనడం అదే మొదటిసారి. (వదిన అంది కదా అంటారేమో. వదిన మన మనిషి. ఈయన ఎవరో దారినపోయే ఆయన.) బస్సులో అప్పటికే రుషికొండ నుంచి తిరిగొచ్చాక ఏం తినాలన్న చర్చ నడుస్తోంది, ఉప్మా పెసరట్టా, పూరీయా అని. నేనూ పెసరట్టుకి ఓటేశాను.

తిరుగు మలుపు దాటాక, సరిగ్గా ఏడింటికి, బెల్టులో ఫోన్ మోగింది.

రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. చేతులు వణికి జిప్ రావడం లేదు. తీరా తీసి చూస్తే కాల్ కాదు. అమ్మ థైరాయిడ్ మాత్రకి నేనే పెట్టిన అలారం. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, పక్కన కాలిబాట అంచున కూలబడబోయాను. అప్పుడొచ్చింది ఆ పిల్ల. వాలంటీర్ టీషర్టు, కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో కోసిన నారింజ ముక్కల ట్రే. “ఆంటీ, కూర్చోవద్దు, కళ్లు తిరుగుతాయి. నడవండి, నేనొస్తాను” అని రెక్క పట్టుకుంది. ఆ పిల్ల చెప్పింది నిజం. పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరుగుతుంది. ట్రే స్నేహితురాలి చేతిలో పెట్టి, నాతో తర్వాతి నీళ్ల టేబుల్ దాకా ఆ చెప్పులతోనే నడిచింది. దారిపొడుగునా వాళ్ల హాస్టల్ సాంబారు మీద ఫిర్యాదులు చెప్పింది. నా గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నారింజ ముక్క మీద ఉప్పు జల్లి ఉంది. ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది.

పేసర్ ఆగడు, ఆగకూడదు. ఆయన్ని నమ్ముకుని వెనక బస్సెడు జనం ఉంటారు. కానీ వెనక్కి తిరిగి అరిచాడు: “తెన్నేటి పార్కు ఎత్తు దగ్గర మేం నడుస్తాం. అక్కడ దొరుకుతాం, రండి!” కైలాసగిరి కింద ఆ ఎత్తు ఎక్కినవాళ్లకి తెలుసు, అక్కడ పేసర్లు కూడా కాసేపు నడిపిస్తారు. ఆ పిల్ల చెయ్యి వదిలాక పరుగందుకున్నాను. కాళ్లలో సత్తువ ఎలాగూ ఉంది కదా, ఆ మూడు కిలోమీటర్లు మాత్రం నా పాత వేగంతో వెళ్లాను. ఎవరినీ దాటాలని కాదు, ఆ జెండాని అందుకోవాలని. అన్నమాట ప్రకారం ఎత్తు మీద దొరికారు. ఆయన నన్ను చూసి చెయ్యెత్తి, “పెసరట్టు వచ్చీసింది” అన్నాడు. అక్కణ్ణుంచి చివరిదాకా నా పేరు అదే.

పెదజాలారిపేట దగ్గర రోడ్డు పక్కన గంపలు పెట్టుకు కూర్చున్న ఒకావిడ మా గుంపుని ఎగాదిగా చూసి, “ఎవలు తరుముతున్నారమ్మా మిమ్మల్ని?” అంది. బస్సు బస్సంతా నవ్వేసింది. ఆ నవ్వుతో ఒక కిలోమీటరు గడిచిపోయింది, ఆవిడకీ థాంక్స్.

ఫినిష్ లైన్ దాటాక పేసర్ గారికి సరిగా చెప్పుకునేలోపు వాళ్ల బృందం ఫొటోకి లాక్కెళ్లిపోయారు. ఈ పోస్టు ఆయన కంట పడితే: అన్నగారూ, ఆ రోజు నేను వాచీ మళ్లీ పెట్టుకోలేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ ఇడ్లీ తింటోంది. టైం ఎంతని అడిగితే తెలియదన్నాను. రేస్ వాళ్ల మెసేజ్ వచ్చాకే తెలిసింది.

ఇంకొక్క సంగతి. ఫినిష్ దగ్గర నీళ్ల కోసం వెతుకుతుంటే ఒక పెద్దాయన తన స్టీలు బాటిల్ నా చేతిలో పెట్టి, “మజ్జిగ, అల్లం వేశాం, తాగమ్మా” అని మనవడి కోసం జనంలోకి వెళ్లిపోయారు. ఎంతసేపు నిలబడినా తిరిగి రాలేదు. బాటిల్ మూత మీద ఎర్ర రంగుతో చిన్న చుక్క ఉంది. కడిగి భద్రంగా ఉంచాను. మీదైనా, మీకు తెలిసినవాళ్లదైనా ఇన్‌బాక్స్‌లో ఒక మాట చెప్పండి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు అయితే నేనే తెచ్చిస్తాను.